నర్సుల అలసట: వార్డు కట్టుబాట్ల నుంచి చట్టం దాకా

నర్సుల మనసు అలసిపోవడానికి వార్డులో పని నడిచే తీరే కారణమని గట్టిగా చెప్పిన తొలి అధ్యయనాల్లో ఇసబెల్ మెంజీస్‌ది ఒకటి. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఆమె ఒక బోధనాసుపత్రిలో చేసిన ఈ పరిశీలన 1960లో వెలువడింది. విద్యార్థి నర్సులను ఏ వార్డుకు ఎలా కేటాయించాలో తేల్చమని ఆసుపత్రి ఆమెను కోరింది. లోపలికి వెళ్లి చూస్తే, సుమారు మూడోవంతు విద్యార్థినులు శిక్షణ మధ్యలోనే వెళ్లిపోతున్నారు.

వార్డులో రోగి మొత్తంగా ఏ ఒక్క నర్సుకూ దక్కేవాడు కాదు. ఒక్కో నర్సు ఒక్కో పనిని అందరికీ చేస్తూ పోవాలి. రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో, జబ్బుపడిన అవయవంతోనో పిలిచేవారు. కాస్త చనువు కుదిరేసరికి విద్యార్థినిని మరో వార్డుకు మార్చేవారు. నిద్రమాత్ర వేయడానికి నిద్రపోతున్నవాళ్లను లేపిన సందర్భాలూ ఉన్నాయి. ఇవన్నీ చావు, నొప్పి, భయాల నుంచి నర్సును కాపాడతాయని పెట్టుకున్న కట్టుబాట్లేనని మెంజీస్ విశ్లేషించారు. బాధ మాత్రం తగ్గలేదు. పైగా రోగి కోలుకుంటుంటే దగ్గరుండి చూసే తృప్తి కూడా నర్సులకు లేకుండా పోయింది. ఈ వృత్తిలో మనిషిని నిలబెట్టేది ఆ తృప్తే కాబట్టి అది చిన్న నష్టం కాదు.

ఇలాంటి అలసటకు ‘బర్న్‌అవుట్’ అన్న మాట 1974లో న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దానికి కొలమానం తయారుచేశారు. భావోద్వేగంగా వట్టిపోవడం, ఎదుటివారిని మనిషిగా చూడలేకపోవడం, చేసిన పనికి విలువ లేదనిపించడం అందులోని మూడు అంశాలు. లండన్ వార్డులో పద్ధతిగా నేర్పిన ఎడం ఇక్కడ అలసట లక్షణంగా లెక్కకు వచ్చింది.

తర్వాత దృష్టి నర్సుల సంఖ్య మీదికి మళ్లింది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను లిండా ఐకెన్ బృందం పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించింది. నర్సుకు ఒక్క రోగి అదనమైతే బర్న్‌అవుట్ అవకాశం 23 శాతం, శస్త్రచికిత్స రోగులు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతున్నాయని అందులో తేలింది. నర్సు అలసటను ఆమె సొంత బలహీనతగా కొట్టిపారేయడానికి ఇక వీల్లేకపోయింది.

కాలిఫోర్నియాలో అంతకుముందే, నర్సుల సంఘాల ఒత్తిడితో, 1999లో చట్టం వచ్చింది. 2004లో అమలు మొదలైంది. సాధారణ వైద్య, శస్త్రచికిత్స వార్డుల్లో ఒక నర్సుకు ఆరుగురికి మించి రోగులు ఉండకూడదన్నారు, మరుసటి ఏడాది దాన్ని ఐదుకు తగ్గించారు. 2010లో ఐకెన్ బృందం పోల్చి చూసినప్పుడు, ఆ వార్డుల్లో కాలిఫోర్నియా నర్సు చూసే రోగులు పెన్సిల్వేనియా, న్యూజెర్సీలకంటే సగటున ఇద్దరు తక్కువ. రోగుల సంఖ్య ఆ పరిమితిలో ఉన్నచోట్ల బర్న్‌అవుట్ కూడా తక్కువగానే కనిపించింది.