టెన్త్ తర్వాత ఒకేషనల్: డిగ్రీ దారి మూసుకుపోతుందా?

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన వారంలో మన ఇళ్లలో లెక్క ఒకటే. మార్కులు బాగుంటే ఎం.పి.సి. లేదా బై.పి.సి. అంతంతమాత్రమైతే సి.ఇ.సి. ఇంకా తక్కువొస్తే "ఒకేషనల్‌లో వేసేద్దాం, కాదంటే మామూ షాపులో కూర్చోబెడదాం" అంటారు. ఒకేషనల్ అంటే చదువు రానోళ్ల కోర్సు, అందులో చేరితే ఇక డిగ్రీ, ఇంజనీరింగ్ అనే మాటే ఉండదు అని చాలామంది అమ్మానాన్నల నమ్మకం. దారి ఉంది. కాకపోతే అది దానంతట అది తెరుచుకోదు. చేరిన మొదటి రోజు నుంచే కనిపెట్టుకుని ఉండాలి.

ముందు ఈ చదువు ఎక్కడెక్కడ ఉందో చూద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా ప్రభుత్వ హైస్కూళ్లు, మోడల్ స్కూళ్లు, కేజీబీవీల్లో 9, 10 తరగతులకు మామూలు సబ్జెక్టులతోపాటు ఒక ట్రేడ్ నేర్పిస్తున్నారు. ఐటీ, రిటైల్, హెల్త్‌కేర్, వ్యవసాయం, అపెరల్ అంటే కుట్టుపని, బ్యూటీ అండ్ వెల్‌నెస్, ఆటోమోటివ్, టూరిజం ఇలా ఉంటాయి. ఏ స్కూల్లో ఏది ఉంటుందనేది మన చేతిలో ఉండదు. దీనికి డబ్బు కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్షా పథకం నుంచి వస్తుంది. కోర్సుల స్థాయిలు 2013 డిసెంబర్‌లో నోటిఫై చేసిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, అంటే ఎన్ఎస్‌క్యూఎఫ్ ప్రకారం ఉంటాయి. టెన్త్ పరీక్షల టైమ్‌టేబుల్ చివర్లో "ఎస్సెస్సీ ఒకేషనల్ కోర్సు (థియరీ)" అనే వరుస చూసి ఇదేంటి అనుకున్నవాళ్లుంటారు. అదే ఇది.

ఈ తరగతుల్లో ట్రేడ్ తీసుకున్నంత మాత్రాన పిల్లలు దేనికీ కట్టుబడిపోరు. తొమ్మిదిలో రిటైల్ చదివిన అమ్మాయి ఇంటర్‌లో బై.పి.సి. తీసుకోవచ్చు. కాబట్టి "మా పాపకి ఇవెందుకండీ, సైన్సు చెప్పండి చాలు" అని హెడ్మాస్టర్‌తో గొడవపడాల్సిన పనిలేదు. అసలు ఆలోచించాల్సింది ఇంటర్ దగ్గర.

ఇంటర్ ఒకేషనల్ రెండేళ్ల కోర్సు. ఇంగ్లిష్, జనరల్ ఫౌండేషన్ కోర్సు, మూడు వృత్తి సబ్జెక్టులు, ప్రాక్టికల్స్, బయట పనిచోటుకు వెళ్లి నేర్చుకునే ఆన్ ది జాబ్ ట్రైనింగ్ ఉంటాయి. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ (ఎంఎల్‌టీ), ఆడపిల్లలకు మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, ఎలక్ట్రికల్ టెక్నీషియన్, ఆటోమొబైల్, కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ, కంప్యూటర్ సైన్స్, ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్, అకౌంటింగ్ అండ్ టాక్సేషన్ వగైరా కోర్సులున్నాయి. చివర చెప్పినదాని గురించి నా సొంత మాట ఒకటి. నేను బీకాం మూడేళ్లూ చదివి, ఆ తర్వాత గల్లీలో ఉన్న కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టి ట్యాలీ నేర్చుకున్నాను. నా పక్క సీట్లో ఉన్న కుర్రాడు ఇంటర్‌లో అకౌంటింగ్ అండ్ టాక్సేషన్ చేసి వచ్చాడు. వోచర్ ఎంట్రీలు నాకంటే చకచకా కొట్టేవాడు.

బ్రిడ్జి కోర్సు మాట మొదటి రోజే అడగండి

ఎంట్రన్స్ రాసి ఇంజనీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ వైపు వెళ్లాలంటే ఒకేషనల్ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. దానికి ఇంటర్ బోర్డు పెట్టే బ్రిడ్జి కోర్సు పరీక్షలు కూడా పాసవ్వాలి. టెక్నికల్ కోర్సుల వాళ్లకు ఎం.పి.సి. వైపు, హెల్త్ కోర్సుల వాళ్లకు బై.పి.సి. వైపు ఈ అదనపు పేపర్లు ఉంటాయి. బ్రిడ్జి పాసైన ఒకేషనల్ విద్యార్థి ఈఏపీసెట్‌కు అర్హుడే. బీకాం లాంటి మామూలు డిగ్రీకి పోవాలంటే మాత్రం ఈ బ్రిడ్జి అవసరం సాధారణంగా రాదు. అకౌంటింగ్ చేసినవాళ్లు తెలంగాణలో దోస్త్ ద్వారా నేరుగా బీకాంకు దరఖాస్తు చేసుకోవచ్చు.

చిక్కు ఏమిటంటే, బ్రిడ్జి అనేది ఇష్టమున్నవాళ్లు రాసుకునేది. ఎవరూ తరుముకొచ్చి ఫీజు కట్టించరు. మా ఖాలా కూతురు ఎంఎల్‌టీ చేసింది, మార్కులూ బాగానే వచ్చాయి. తీరా ఈఏపీసెట్ ఫారం నింపుదామని కూర్చుంటే బ్రిడ్జి రాయలేదని తేలింది. కాలేజీలో ఎవరూ చెప్పలేదని ఆమె అంటుంది. నోటీసు బోర్డులో పెట్టాం కదా అని వాళ్లన్నారు. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని పిల్లకి నోటీసు బోర్డు చూసి అర్థం చేసుకోవడం ఎంత కష్టమో మనకు తెలుసు. తర్వాత ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది, జీతం పరవాలేదు. కానీ ఫార్మసీ మాటెత్తితే ఇప్పటికీ టాపిక్ మార్చేస్తుంది.

ఇంకొకటి మిస్సయ్యేది అప్రెంటిస్‌షిప్. ఇంటర్ ఒకేషనల్ పాసైనవాళ్లు 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 'టెక్నీషియన్ (ఒకేషనల్)' అప్రెంటిస్‌గా ఏడాది పనిచేయొచ్చు. మన రాష్ట్రాలకు దీన్ని చూసేది చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ బోర్డు. 2019లో మార్చిన నిబంధనల్లో ఈ కేటగిరీకి నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ అని పెట్టారు. డబ్బు తక్కువే, కానీ విషయం డబ్బు కాదు. తెలంగాణ వైద్యశాఖ ల్యాబ్ టెక్నీషియన్ లాంటి పోస్టులకు నోటిఫికేషన్ వేసినప్పుడు ఇంటర్ ఒకేషనల్ వాళ్ల నుంచి ఏడాది అప్రెంటిస్‌షిప్ లేదా క్లినికల్ ట్రైనింగ్ సర్టిఫికెట్ అడుగుతుంది. పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ కూడా కావాలి. ఇంటర్ అయిపోగానే ప్రైవేటు ల్యాబ్‌లో చేరిపోయి, నాలుగేళ్ల తర్వాత నోటిఫికేషన్ వచ్చాక అప్రెంటిస్‌షిప్ కోసం పరిగెత్తడం కంటే ముందే ఆ ఏడాది పూర్తి చేసుకోవడం మంచిది.

అమెరికాలో లెక్క తేల్చి చూశారు

వృత్తి చదువు, కాలేజీ చదువు రెండూ ఒకే ఒరలో ఇముడుతాయా అనే అనుమానం మనకొక్కరికే కాదు. అమెరికాలో హైస్కూల్ అంటే 9 నుంచి 12 వరకు, అంటే మన ఇంటర్ కూడా అందులోనే. అక్కడా చాలాకాలం ఒకేషనల్ అంటే పేద పిల్లల్ని, నల్లజాతి పిల్లల్ని పక్కకు తోసే క్లాసు. దానికి జవాబుగా 1969లో ఫిలడెల్ఫియాలోని థామస్ ఎడిసన్ హైస్కూల్లో ఎలక్ట్రికల్ పనిమీద ఒక 'కెరీర్ అకాడమీ' మొదలైంది. ఒక గుంపు పిల్లలు మూడు నాలుగేళ్లు అదే టీచర్ల దగ్గర ఉంటారు. కరెంటు పనో, ఆరోగ్యమో, ఫైనాన్సో ఒక రంగం తీసుకుంటారు. స్థానిక కంపెనీల్లో పని నేర్చుకుంటారు. కాలేజీకి కావలసిన లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ మాత్రం వదలరు. కాలిఫోర్నియా 1980లలో దీనికి చట్టం చేసి నిధులిచ్చింది. 1982లో న్యూయార్క్‌లో ఫైనాన్స్ అకాడమీ వచ్చింది. డాలస్, చికాగోల్లో ఉన్న మన బంధువుల పిల్లలు స్కూల్లో 'అకాడమీ', 'పాత్‌వే' అంటే ఇవే.

ఇవి పనిచేశాయా లేదా అని ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ తొమ్మిది స్కూళ్లలో చూసింది. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ రావడంతో లాటరీ తీసి, వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ స్కూలు అయిపోయాక ఎనిమిదేళ్ల వరకు గమనించారు. 2008లో వచ్చిన నివేదిక ప్రకారం అకాడమీ పిల్లల సంపాదన ఏడాదికి సగటున 11 శాతం ఎక్కువ. మగపిల్లల్లో అయితే 17 శాతం. కాలేజీ చదువు పూర్తిచేయడంలో రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. అంటే పని నేర్చుకున్నందుకు డిగ్రీ పోలేదు. అందులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాల పిల్లలు. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఆడపిల్లల సంపాదనలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక్కడ నాకు మన స్కూళ్లే గుర్తొస్తాయి. గర్ల్స్ స్కూలంటే బ్యూటీ అండ్ వెల్‌నెస్, అపెరల్ అని ముందే రాసేసుకుంటే, కుట్టు మిషన్ ఇంట్లో ఎలాగూ ఉన్న పిల్లకి స్కూలు కొత్తగా ఇచ్చేదేమిటి? ఐటీ, హెల్త్‌కేర్ ఎందుకు పెట్టరు అని స్కూలు కమిటీ మీటింగుల్లో తల్లులు అడగాలి. అడిగితేనే పై ఆఫీసుకి మాట వెళ్తుంది.

లక్ష్యాలు రాసుకోవడంలో మన దేశానికి లోటు లేదు. 1986 జాతీయ విద్యా విధానం ఇంటర్ స్థాయి పిల్లల్లో 10 శాతం మందిని 1990కల్లా, 25 శాతం మందిని 1995కల్లా ఒకేషనల్‌లోకి తేవాలంది. 2020 విధానం 2025కల్లా కనీసం సగం మందికి పరిచయం చేయాలంది. అదే పత్రం, 12వ ప్రణాళిక లెక్కలు చూపిస్తూ, 19-24 ఏళ్ల శ్రామికుల్లో పద్ధతిగా వృత్తి శిక్షణ పొందినవాళ్లు మన దేశంలో 5 శాతం లోపే అనీ, అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమనీ ఒప్పుకుంది. మన మెకానిక్ షెడ్లలో, వెల్డింగ్ షాపుల్లో ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ఈ లెక్కలోకి రారు. పని వచ్చు, కాగితం లేదు.

ఇంటర్‌లో చేర్చేముందు ప్రిన్సిపాల్‌ని సూటిగా అడగండి. ల్యాబ్ ఉందా, మాకు చూపిస్తారా? ఆన్ ది జాబ్ ట్రైనింగ్‌కు పోయినేడు పిల్లల్ని ఎక్కడికి పంపారు? బ్రిడ్జి క్లాసులు కాలేజీలోనే చెప్తారా, సొంతంగా చదువుకోవాలా, ఫీజు ఎప్పుడు కట్టాలి? ల్యాబ్‌కు తాళం వేసి ఉంటే ఇంకో కాలేజీ చూసుకోండి. బీసీ-ఇ కిందికి వచ్చేవాళ్లు ఆ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి, కౌన్సెలింగ్ నాటికి మీసేవ దగ్గర లైన్లుంటాయి. ఇంకో సంగతి, మన ఇళ్లలో ఎక్కువగా వచ్చేది: టెన్త్ మెమోలో 'ఎండీ', ఆధార్‌లో 'మొహమ్మద్', బ్యాంకు పాస్‌బుక్‌లో 'మహమ్మద్' అని ఉంటే అప్రెంటిస్‌షిప్ రిజిస్ట్రేషన్ దగ్గర, స్టైపెండ్ ఖాతాలో పడే దగ్గర ఇబ్బంది వస్తుంది. ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఆధార్, పాస్‌బుక్ రెండూ టెన్త్ మెమోలో ఉన్నట్టు సరిచేయించండి.