రాళ్ళు పగిలాయి, రాత నిలిచింది

ఏవ్‌బరీ శిలావలయాలను కాగితం మీద కాపాడిన విలియం స్టూక్లీ యథార్థ గాథ

అది 1724వ సంవత్సరం. దక్షిణ ఇంగ్లండ్‌లోని ఏవ్‌బరీ అనే పల్లె.

మనిషిని మించిన ఎత్తున్న రాయి పక్కన లోతుగా గొయ్యి తవ్వారు. అందరూ కలిసి దాన్ని గోతిలోకి ఒరగదోశారు. అడుగున గడ్డి కుక్కి నిప్పంటించారు. రాయి బాగా కాగాక, ఎక్కడ చీలాలనుకున్నారో అక్కడ చన్నీళ్ళు ధారగా పోశారు. తడిసిన గీత మీద సమ్మెటలు దబదబా దిగాయి. నాలుగు వేల ఏళ్ళకు పైగా ఎండకూ మంచుకూ చెక్కుచెదరని రాయి తునకలైంది. ఆ తునకలు ఇళ్ళ గోడల్లోకీ ప్రహరీల్లోకీ వెళ్ళిపోయాయి.

పొగకు ఎడంగా నిలబడి ఒక మనిషి ఇదంతా చూస్తున్నాడు. గొయ్యి ఎలా తవ్వారో, మంట ఎలా వేశారో బొమ్మ గీసుకున్నాడు. ఏ రాయి ఎప్పుడు పోయిందో, ఎవరు పగలగొట్టారో ఊరివాళ్ళను అడిగి రాసుకున్నాడు. రాళ్ళు పగలగొట్టిన టామ్ రాబిన్సన్ అనే వాడి పేరు ఆ రాతల్లో కోపంతో సహా నిలిచిపోయింది. ఆపుదామంటే ఆయనకు అధికారం లేదు. పురాతన కట్టడాలను కాపాడే తొలి చట్టం ఆ దేశంలో 1882లో గానీ రాలేదు. ఆయన చేయగలిగింది ఒక్కటే: రాయి ఉండగానే దాన్ని కొలవడం.

ఆయన పేరు విలియం స్టూక్లీ. 1687లో పుట్టాడు. వృత్తి వైద్యం. లండన్ పురావస్తు పండితుల సంఘానికి 1718లో తొలి కార్యదర్శి అయ్యాడు. ఐజాక్ న్యూటన్‌కు స్నేహితుడు. 1726లో ఒక రోజు తోటలో ఆపిల్ చెట్ల నీడన టీ తాగుతూ, రాలిన పండు తనలో రేపిన ఆలోచన గురించి న్యూటన్ చెబితే విని రాసిపెట్టింది ఈయనే. చూసింది, విన్నది పోనివ్వకుండా రాసిపెట్టుకోవడం ఆయన స్వభావం.

వలయంలో వెలసిన ఊరు

ఏవ్‌బరీ రాళ్ళ గొప్పతనాన్ని మొదట గుర్తించినవాడు జాన్ ఆబ్రీ. 1649లో వేటకు వెళ్ళి, ఊరి మధ్యలో నిలబడ్డ ఆ రాళ్ళను చూసి నిర్ఘాంతపోయాడు. ఆయన రాతలు అచ్చు కాలేదు. చేతిరాత ప్రతి ఒకటి స్టూక్లీ కంటబడింది. 1719లో ఆయన ఏవ్‌బరీకి బయల్దేరాడు.

పెద్ద కందకం, దాని చుట్టూ మట్టికట్ట, లోపల సుమారు వంద రాళ్ళ వలయం, అందులో మరో రెండు చిన్న వలయాలు. ఆ కట్ట లోపలే ఇళ్ళు, దారులు, పశువుల కొట్టాలు. ఊరు పెరిగేకొద్దీ రాళ్ళు తరిగాయి. ఇల్లు కట్టుకోవడానికి రాయి కావాలి, దున్నడానికి నేల కావాలి. స్టూక్లీ 1724 దాకా ఏటా వచ్చాడు. పోయినేడు గీసుకున్న రాయి ఈ ఏడు కనిపించని సందర్భాలు ఎదురవుతూనే ఉన్నాయి.

ఊరికి ఆగ్నేయంగా ఓవర్టన్ గుట్ట మీద, ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు రాతి వలయాలుండేవి. స్థానికులు దాన్ని పుణ్యస్థలంగా పిలిచేవారు. 1723 జులైలో స్టూక్లీ దాని బొమ్మ గీశాడు. కొద్దికాలానికే అక్కడ రాళ్ళు పీకేసి నాగలి దింపారు. చుట్టుపక్కలవాళ్ళంతా బాధపడ్డారనీ, లాభం అందుకున్న మనిషి ఒక్కడే బాధపడలేదనీ ఆయన రాశాడు. ఆ రాళ్ళ అందం పల్లెజనానికీ తెలుసు. వాళ్ళ చేతిలోనూ అధికారం లేదంతే.

పాము కనిపించింది

1729లో స్టూక్లీ మతగురువుగా దీక్ష తీసుకున్నాడు. రాళ్ళను చూసే చూపూ మారింది. ఇవన్నీ డ్రూయిడ్లు అనే ప్రాచీన పూజారులు కట్టిన గుళ్ళని గట్టిగా నమ్మాడు. ఆయన దృష్టిలో, ఏవ్‌బరీ వలయం గుండా సాగే, ఇరువైపులా రాళ్ళు నిలిపిన రెండు బాటలూ కలిపి ఒక మహాసర్పం. ఓవర్టన్ గుట్ట దాని తల. బెక్‌హాంప్టన్ ఊరి వైపు సాగింది తోక. 1740లో స్టోన్‌హెంజ్ అనే మరో శిలావలయం మీద, 1743లో ఏవ్‌బరీ మీద పుస్తకాలు వేశాడు.

ఆ పుస్తకాలు జనాన్ని ఆకట్టుకున్నాయి. అప్పటిదాకా రాళ్ళ కుప్పలుగా కనిపించినవి పూర్వీకుల దేవాలయాలయ్యాయి. కవి విలియం బ్లేక్ ఊహల్లోకి ఆ సర్పాలయం పాకింది. స్టోన్‌హెంజ్ అక్షం వేసవి సూర్యోదయ దిశకు తిరిగి ఉందని గమనించి రాసింది కూడా స్టూక్లీయే. నేడు వేసవి అయనాంతం నాటి తెల్లవారుజామున వేలమంది అక్కడికి చేరుతున్నారంటే ఆ ఆకర్షణకు తొలి విత్తనం నాటినవాడు ఆయన.

అయితే డ్రూయిడ్ల కథ నిలవలేదు. ఆ రాళ్ళు డ్రూయిడ్ల కాలానికి రెండు వేల ఏళ్ళ ముందువని తర్వాత తేలింది. ఇంకో మాటా చెప్పుకోవాలి. పాము తల కోలగా ఉండాలని, గుట్ట మీది గుండ్రని వలయాలను అచ్చు పుస్తకంలో కోలగా మార్చేశాడు. నమ్మకం కొలతను వంచిన చోటు అది.

నోటుపుస్తకం గెలిచింది

ఆయన క్షేత్ర పత్రాల్లో మాత్రం ఆ వలయాలు గుండ్రంగానే ఉన్నాయి. 1930లో పురావస్తు పరిశోధకులైన మాడ్ కనింగ్టన్ దంపతులు స్టూక్లీ వివరాలను పట్టుకుని ఓవర్టన్ గుట్ట మీద తవ్వారు. మట్టికింద రాళ్ళ గుంటలు దొరికాయి. వలయాలు గుండ్రంగానే ఉన్నాయి. అదే దశాబ్దంలో అలెగ్జాండర్ కీలర్ అనే మరో పరిశోధకుడు ఏవ్‌బరీలో పాతిపెట్టిన రాళ్ళను వెలికితీసి నిలబెట్టాడు. పగిలిపోయినవాటి చోట కాంక్రీటు గుర్తులు పెట్టించాడు.

బెక్‌హాంప్టన్ బాట సంగతి మరీ ఆశ్చర్యం. అక్కడ రెండు రాళ్ళే మిగలడంతో, అసలు బాటే లేదనీ, అది స్టూక్లీ కల్పనేననీ చాలామంది పండితులు అనుమానించారు. 1999లో విశ్వవిద్యాలయాల బృందం తవ్వితే జంటలు జంటలుగా గుంటలూ, పాతిపెట్టిన రాళ్ళూ బయటపడ్డాయి. స్టూక్లీ చనిపోయింది 1765లో. ఆయన మాట నిజమని తేలడానికి ఆ తర్వాత 234 ఏళ్ళు పట్టింది.

మన నిలువురాళ్ళు

తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల్ దగ్గర, కృష్ణ ఒడ్డున ఇలాంటి నిలువురాళ్ళున్నాయి. ఊరివాళ్ళు వాటిని ‘నిలురాళ్ళ తిమ్మప్ప’ అని కొలుస్తారు. అక్కడే ఒక బండ మీద సప్తర్షి మండలాన్ని గుంటలుగా చెక్కారు. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. అంత అదృష్టం లేని సమాధి రాళ్ళు, జనం ‘రాక్షస గుళ్ళు’ అనే పాత రాతి సమాధులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పొలాల్లో, గుట్టల వారన ఉన్నాయి. క్వారీ యంత్రానికి మంటా నీళ్ళూ అక్కర్లేదు. ఒక్క పూట చాలు.

అందుకే స్టూక్లీ మనకు కావాలి. మీ ఊళ్ళో అలాంటి రాయి ఉంటే, అది పాండవులు నిలబెట్టిందా, రాక్షసులు మోసిందా అన్న చర్చ నిదానంగా చేసుకోవచ్చు. ముందు ఫొటో తీయండి. ఎత్తు, దిక్కు, పక్క రాయికి దూరం కొలవండి. పెద్దవాళ్ళు చెప్పేది రాసుకోండి. పురావస్తు శాఖకు తెలియజేయండి. రాయిని కాపాడే బలం మనకు ఉన్నా లేకపోయినా, దాని లెక్క తప్పకుండా రాసిపెట్టే శక్తి ప్రతి ఒక్కరికీ ఉంది.