గాజును ఊదినవారిని తలుచుకుందాం



మన తెలుగులో గాజు అంటే సీసాకు వాడే పదార్థమూ అదే, చేతికి తొడుక్కునేదీ అదే. డజన్ల లెక్కన కొంటాం, పగిలితే ఊడ్చి పారేస్తాం. కానీ ఒకప్పుడు ఇది రాజుల ఇళ్లలో ఉండే వస్తువు. యోబు గ్రంథం 28వ అధ్యాయంలో జ్ఞానానికి సాటిరాని విలువైనవాటిని వరుసగా చెబుతూ, బంగారం పక్కనే మరొకదాన్ని చేర్చారు. హెబ్రీ మూలంలోని ఆ మాటకు గాజు అని అర్థం.

అంత విలువ ఎందుకంటే, చేయడం అంత కష్టం. ఐగుప్తు పనివారు కడ్డీ చివర మట్టిముద్ద పెట్టి, దాని చుట్టూ కరిగిన గాజును చుట్టేవారు. చల్లారాక లోపలి మట్టిని కొద్దికొద్దిగా గీకి తీసేవారు. ఒక్క చిన్న అత్తరు బుడ్డికే అంత శ్రమ!

ఈ పరిస్థితిని మార్చింది మనిషి ఊపిరి. 1969 తర్వాత యెరూషలేము పాత పట్టణంలోని యూదుల వాడలో నహ్మాన్ అవిగాద్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు జరిపించారు. అక్కడ పాడుబడిన ఒక శుద్ధి స్నానపు తొట్టిలో గాజు పనివారు పారబోసిన చెత్త దొరికింది. అందులో సన్నని గాజు గొట్టాలు, వాటి చివర ఊది ఉబ్బించిన చిన్న బుడగలు ఉన్నాయి. అవి సుమారు క్రీ.పూ. 50 నాటివి. అంటే ప్రభువైన యేసు పుట్టుకకు కొన్ని దశాబ్దాల ముందే, ఆ పట్టణంలో ఈ పని జరుగుతోందన్నమాట.

తర్వాత పొడవైన ఇనుప గొట్టాలు వచ్చాయి. పనివాడు కొలిమిలోని కరిగిన గాజును గొట్టం చివర ముద్దగా తీసుకుంటాడు. నున్నని పలక మీద దొర్లించి, మెల్లగా ఊదుతాడు. గొట్టాన్ని తిప్పుతూనే ఉండాలి. ఆపితే ముద్ద ఒక పక్కకు జారిపోతుంది. ఆకారం వచ్చాక దాన్ని వెంటనే బయట పెట్టకూడదు. పైభాగం ముందు చల్లారి లోపలిభాగం వేడిగా ఉంటే అది పగిలిపోతుంది. అందుకే మరో పొయ్యిలో ఉంచి గంటల తరబడి నిదానంగా చల్లారుస్తారు.

ఈ పద్ధతితో నిమిషాల్లో ఒక పాత్ర తయారయ్యేది. రోమాలో గాజు గిన్నె ఒక చిన్న రాగి నాణేనికే దొరుకుతుందని ఆ కాలపు రచయిత స్ట్రాబో రాశాడు. రాజు ఇంటి వస్తువు సామాన్యుడి ఇంటికి వచ్చింది. ఇది మంచి మార్పే. అయితే ధర తగ్గినకొద్దీ చేసినవాడు మరుగున పడిపోయాడు. ఆ కాలంలో లక్షల పాత్రలు ఊదినవారిలో మనకు పేరు తెలిసినవారు కొద్దిమందే.

వారిలో ఒకడు ఎన్నియోన్. క్రీ.శ. మొదటి శతాబ్దంలో అచ్చులో గాజును ఊది పాత్రలు చేసినవాడు. సీదోను పట్టణంవాడని చాలామంది పండితుల అభిప్రాయం. తన పాత్రల మీద గ్రీకు భాషలో తన పేరు వేసుకున్నాడు. కొన్నిటి మీద ఇంకో మాట కూడా వేశాడు. ఈ పాత్ర కొన్నవాడు జ్ఞాపకం చేసుకోబడాలి అని దాని భావం. చేసినవాడు కొన్నవాడి మేలు కోరాడు. మరి కొన్న మనం చేసినవాడిని ఎప్పుడైనా తలుచుకున్నామా?

ఇది పాతకాలపు మాట మాత్రమే కాదు. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో నేటికీ గొట్టం పట్టుకుని నోటితో ఊదేవారు ఉన్నారు. మన సంతల్లో దొరికే గాజులు కూడా చాలావరకు ఆ ఊరివే. వాటిని ఊదరు. కరిగిన గాజును తీగలా సాగదీసి, తిరిగే కడ్డీకి చుట్టి చేస్తారు. ఏ పని అయినా వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమి దగ్గరే. మనకు చవకగా దొరికే వస్తువు ఆ వేడి ముందు నిలబడ్డవారికి చవకగా రాలేదు.

కాబట్టి ఈసారి గాజులమ్మే ఆమె మన గడప దగ్గరకు వస్తే రూపాయి రూపాయికీ బేరమాడొద్దు. మంచినీళ్లిచ్చి కూర్చోబెడదాం. రాత్రి కుటుంబ ప్రార్థనలో, మనం పేరు ఎరుగని ఆ కొలిమి పనివారిని కూడా జ్ఞాపకం చేసుకుందాం.