నలుగురు వినిన పాట

చల్లపల్లి నుండి ఏ దిక్కునకు బయలుదేరినను సంగీతముతో సంబంధము గల ఊరొకటి తగులును. పదకర్త క్షేత్రయ్యకు జన్మస్థానమైన మొవ్వ ఒక వైపు. దాని ప్రక్కనే కూచిపూడి. గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు ఇంటిపేరుగా లోకమెరిగిన ఘంటసాల గ్రామము మరియొక వైపు. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళము, పెదకళ్ళేపల్లి కలవు. పెదకళ్ళేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి శిష్యులకు సంగీతము చెప్పెను. ఆయన గురువు మానంబుచావడి వేంకటసుబ్బయ్య. ఈ వేంకటసుబ్బయ్య త్యాగరాజస్వామికి శిష్యుడు. శ్రీకాకుళమువారైన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు సుసర్లవారి వద్ద నేర్చి, విజయవాడలో మంగళంపల్లి బాలమురళీకృష్ణకు గురువైరి. ఆ బాలుడు 1938లో, ఎనిమిదేండ్ల వయస్సున, విజయవాడలో తొలి కచ్చేరీ చేసెను. తిరువయ్యారులో పుట్టిన కృతి కృష్ణాతీరమునకు చేరి నిలుచుటకు ఒకరి తరువాత ఒకరుగా నాలుగు కంఠములు చాలినవి.

ఈ పద్ధతి గొప్పదే. కాని ఇందులో ఒక ఇబ్బంది కలదు. పాట నచ్చినవాడు దానిని ఇంకొకరికి అందించవలెనన్నచో తానే పాడవలెను. కంఠము లేనివాడు, శ్రుతి నిలువనివాడు, ఎంతటి రసికుడైనను, “ఆహా, ఆ పాట మీరు విని యుండవలసినది” అని ఊరుకొనవలసినదే. విన్నవానికి ఆ మాట వలన పాట వినబడదు గదా! పాడలేనివాడు కూడ తనకు నచ్చిన పాటను నలుగురికి వినిపింపగలుగుట మానవచరిత్రలో చాల ఇటీవలి సంగతి. అది గ్రామఫోను రికార్డుతో మొదలైనది.

1877లో అమెరికాలో ఎడిసన్ తన ఫోనోగ్రాఫును నిర్మించెను. గుండ్రని స్తంభముపై చుట్టిన తగరపు రేకు మీద సూది గీసిన గాడియే అందులో ధ్వనిని దాచెను. మాట తిరిగి వినబడినందుకు జనులు నివ్వెరపోయిరి. అయితే ఆ స్తంభమునకు నకళ్ళు తీయుట కష్టము. పది సంవత్సరముల తరువాత, 1887లో, ఎమిల్ బెర్లినర్ స్తంభమునకు బదులు బల్లపరుపు పలకను ఉపయోగించెను. ఈ మార్పు పైకి చిన్నది. కాని పలకయైనచో దానికి లోహపు అచ్చు తీయవచ్చును. అచ్చుతో అట్లు పోసినట్లు ఒకదాని తరువాత ఒకటి వేల పలకలు ఒత్తవచ్చును. పుస్తకమునకు అచ్చుయంత్రము చేసిన మేలునే పాటకు బెర్లినర్ పలక చేసినది.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను ధ్వనిలేఖకుడు ఇంగ్లండు నుండి కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలైనవారి పాటలను మైనపు పలకలపై ఎక్కించెను. ఆ మైనపు పలకలు ఓడలో జర్మనీలోని హనోవరుకు పోయి, అక్కడ రికార్డులుగా ఒత్తబడి తిరిగి వచ్చినవి. పాట చివర గౌహర్‌జాన్ తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకొనుట ఆ రికార్డులలో వినవచ్చును. దానిని గర్వమనుకొనరాదు. హనోవరులోని పనివారికి హిందూస్థానీ తెలియదు. ఏ పలక ఎవరిదో వారు గుర్తించుటకు ఆ ఏర్పాటు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో రికార్డులు ఒత్తు కర్మాగారము వెలసినది. 1928లో డమ్‌డమ్‌లో పెద్దది వచ్చినది.

ముడిసరకు మాత్రము మొదటి నుండియు మన దేశముదే. ఆ నల్లని పలక లక్కతో చేసినది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద గుంపులుగా బ్రతుకు చిన్న పురుగు తన ఒంటి చుట్టును స్రవించు జిగురే లక్క. ఛోటానాగపూరు అడవులలో గిరిజనులు దానిని గీసి తెచ్చెడివారు. శుద్ధి చేసిన లక్కలో మెత్తని రాతిపొడి, మసి, కొంచెము నూలుపీచు కలిపి, వేడి చేసి ఒత్తినచో రికార్డు సిద్ధమగును. నిజమునకు అందులో లక్క పాలు మూడవ వంతుకు మించదు. తక్కినదంతయు చాలవరకు రాతిపొడియే. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఓడల రాకపోకలు చెడి లక్క కరవైనపుడు, 1942లో అమెరికా ప్రభుత్వము రికార్డులకు లక్కను వాడుటపై ఆంక్షలు పెట్టెను. పగిలిన పాత రికార్డులను ఇంటింట సేకరించి కరగించిరి. మన అడవిలోని ఒక పురుగు అమెరికావాని పాటకు ఆధారమైనదన్న మాట!

రాతిపొడి కలుపుట పొదుపు కొరకు మాత్రమే కాదు. ఉక్కు సూది గాడిలో నడచునప్పుడు ఆ పొడి సూదినే అరగదీసి గాడి ఆకృతికి సరిపెట్టును. అందువలననే రికార్డు ఒక ప్రక్క అయిపోగానే సూది మార్చవలెనని కంపెనీలు హెచ్చరించెడివి. సూదుల డబ్బీ ఖర్చుకు వెనుదీసి, ఒకే సూదితో పది పాటలు వేసిన ఇండ్లలో గాడి అరిగి పాట గరగరలాడెను.

పది అంగుళముల రికార్డుపై పాట ఎంతసేపు పట్టును? విద్యార్థులు తామే లెక్క కట్టవచ్చును. గాడి యుండు పట్టీ వెడల్పు రమారమి 2.75 అంగుళములు. అంగుళమునకు దాదాపు 95 చుట్లు. మొత్తము 260 చుట్లు. పలక నిమిషమునకు 78 సార్లు తిరుగును. 260ని 78తో భాగించినచో మూడు నిమిషముల ఇరువది సెకనులు. గాడి ఒక్కటే, వెలుపలి నుండి లోపలికి తెగకుండ చుట్టుకొని పోవును. దానిని సాగదీసి పరచినట్లు ఊహించినచో సుమారు 140 మీటర్లు. ఈ మూడు నిమిషముల హద్దు సంగీతమును చాల శాసించినది. అరగంట రాగాలాపన చేయు విద్వాంసుడు చేతిగడియారము చూచుకొని పాడవలసి వచ్చెను. సినిమాపాటకు మూడు, మూడున్నర నిమిషముల కొలత స్థిరపడుటకును ఈ పలక వెడల్పు ఒక ముఖ్యకారణము.

కాని కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఒక విశేషము జరిగినది. ఇక్కడి జనులకు ప్రాణప్రదమైన నాటకపద్యము మూడు నిమిషములలో చక్కగా ఇమిడినది. పద్యము చదివి, రాగము తీసి, చివరి పాదమును మరల అందుకొని ముగించుటకు ఆ కాలము సరిగా సరిపోవును. బందరు, బెజవాడ, ఏలూరు రంగస్థలముల మీద తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ నాటకములు అప్పటికే మారుమ్రోగుచుండెను. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల కంఠములు రికార్డుల కెక్కినవి. నాటకము చూచుటకు బండి కట్టుకొని రాత్రియంతయు మేలుకొనవలసినవాడు, ఆ పద్యమునే తెల్లవారి అరుగుమీద కూర్చుండి మరల వినగలిగెను. కర్ణాటక సంగీతమునకు సంకెల వలె తోచిన హద్దు పద్యమునకు కొలిచి కుట్టిన చొక్కా అయినది.

సంగీతాభిమానులు నేడు ఆల్బము అను మాట వాడుదురు. ఆ మాట చరిత్రయు ఇక్కడనే చెప్పవలెను. ఒక రికార్డులో ఇమడని పెద్ద రచనను నాలుగైదు పలకలుగా విడదీసి, ఛాయాచిత్రముల పుస్తకము వంటి అట్టపుస్తకములో, కాగితపు సంచులలో ఉంచి అమ్మెడివారు. ఆ పుస్తకమునకే ఆల్బమని పేరు. 1909లో ఓడియన్ కంపెనీ చైకోవ్‌స్కీ రచించిన ‘నట్‌క్రాకర్’ వాద్యకృతిని నాలుగు రికార్డులుగా వెలువరించుటను తొలి ఉదాహరణగా చెప్పుదురు. మన దేశమున ఆ స్థానమును నాటకపు సెట్లు ఆక్రమించినవి. వరుస తప్పక వేయవలెను. నడుమ ఒకటి పగిలినచో కథకు అతుకు ఉండదు.

ఇక విను పద్ధతి. పల్లెలో గ్రామఫోను అనేకుల ఇంట లేదు. కలిగినవారింట నున్నది ఒక్కటే. దానికి విద్యుత్తు అక్కరలేదు. కీ ఇచ్చినచో లోపలి స్ప్రింగు తిప్పును. బాకాకు ధ్వనిని తగ్గించు మర లేదు. కాబట్టి ఒకడే తనకొరకై వినుట సాధ్యమే కాదు. ఇంటివాడు రికార్డు వేసినాడనగా వీధికంతకు వేసినట్లే. ఎవరికి ఏది నచ్చినదో అక్కడనే తెలిసిపోవును. “ఆ కుక్కబొమ్మ ప్లేటు ఇంకొకసారి వేయండి బాబూ” అన్నదే ఆనాటి సమీక్ష. బెజవాడ పోవువానిని పిలిచి ఫలానా పద్యము తెమ్మని చెప్పుట, పెండ్లికి యంత్రమును ఎరువు తెచ్చుకొనుట, రికార్డును గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకొని బస్సులో తెచ్చుట ఆ రోజుల మర్యాదలు. ఎండలో పెట్టినచో లక్క మెత్తబడి పలక వంగును. చేయి జారినచో ముక్కలగును. అట్టి వస్తువును ఎరువిచ్చుట చిన్న నమ్మకము కాదు. పట్టణములలో కాఫీహోటళ్ళును, ఊరూర తిరుగు టూరింగు టాకీసులును ఈ పనిని మరింత విస్తరింపజేసినవి. ఆట మొదలగుటకు ముందు ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్తుతి వినబడగానే జనులు పరుగున టికెట్టు కొరకు చేరుట కోస్తా పల్లెలలో పెద్దలెందరికో గుర్తు.

యంత్రము మరియొక పని చేసినది. గురువు దొరకనివానికి ఏకలవ్యుని ప్రతిమ వలె రికార్డు గురువైనది. సూదిని ఎత్తి వెనుకకు పెట్టి, ఒకే సంగతిని ఇరువదిసార్లు విని పద్యము పట్టినవారు పల్లెలలో ఎందరో కలరు. సుసర్లవారి అరుగు మీదికి రాలేనివానికి ఇది వరమే. అయితే రికార్డు తప్పు దిద్దదు. అందులోని దగ్గును కూడ శిష్యుడు నేర్చును.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనది. దానితో ఒక్క పాట ఒకే క్షణమున వేయి గ్రామములకు పోవు కాలము వచ్చినది. భక్తిరంజని ఉదయమున ఇండ్లను మేలుకొల్పినది. ‘ఈ మాసపు పాట’ అను కార్యక్రమము లలితగీతమును వినిపించుటతో తృప్తి పడక శ్రోతలకు నేర్పెను. పెదకళ్ళేపల్లి గురుకుల పద్ధతియే ఆకాశమార్గమున వచ్చినట్లయినది. కాని 1952 ప్రాంతమున కేంద్రమంత్రి కేస్కర్ కాలములో సినిమాపాటలకు ఆకాశవాణి తలుపులు మూసికొనెను. ప్రభుత్వము ఎంచినది ఒకటి, జనులు కోరినది మరియొకటి. శ్రోతలు రేడియో ముల్లును సిలోను వైపునకు త్రిప్పిరి. అక్కడి నుండి మీనాక్షీ పొన్నుదురై తెలుగులో పాటలు వినిపించెను. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ఆరంభమగుటకు ఈ పోటీ ముఖ్యకారణము.

పాటను కోరుచు పోస్టుకార్డు వ్రాయు అలవాటు ఈ కాలముదే. కార్డుపై పాట, చిత్రము పేరుతో బాటు వ్రాసినవాని పేరు, వాని మిత్రుల పేర్లు, ఊరు ఉండును. పాటకు ముందు వాటినన్నిటిని చదివెడివారు; ఒకొక్కప్పుడు పేర్ల పట్టిక పాటకంటె దీర్ఘమనిపించెడిది. దానిని పరిహసించినవారును కలరు. ఆ కార్డు విలువ ఒకటి మరువరాదు. గ్రామఫోను కొనలేని కుర్రవాడు తనకు నచ్చిన పాటను దేశమునకంతకు వినిపించి, దాని ప్రక్కన తన ఊరి పేరు నిలిపెను.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ప్లాస్టిక్కుతో చేసిన ఎల్‌.పి. రికార్డును తెచ్చినది. నిమిషమునకు 33⅓ చుట్లు, సన్నని గాడి. ఒక్క ప్రక్కన ఇరువది నిమిషములకు పైగా పట్టును. ఐదారు పలకల అట్టపుస్తకము ఒక్క పలకలో ఇమిడి, ఆల్బమను పేరు దానికే మిగిలెను. మన దేశమున లక్క రికార్డులు 1970 ప్రాంతము వరకు నిలిచినవి. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11వ తేదీన కీర్తిశేషుడైన పిమ్మట వెలువడిన భగవద్గీత ఎల్‌.పి. తెలుగునాట ఎంత వ్యాపించినదనగా, మరణము సంభవించిన ఇంట దానిని వినిపించుట ఆచారమైపోయినది.

1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్టు 1980 తరువాత మన పల్లెలకు చేరినది. అంతవరకు పాటను ఎరువిచ్చినచో ఇచ్చినవాని వద్ద ఉండదు. ఇప్పుడు నకలు తీసి ఇయ్యవచ్చును. పాటల చీటీ వ్రాసి దుకాణమునకు ఇచ్చినచో, అరువది నిమిషముల క్యాసెట్టులో పదునారు, పదునేడు పాటలు ఎక్కించి ఇచ్చెడివారు. ఆ చీటీయే వ్రాసినవాని అభిరుచికి నిదర్శనము. టేపు నకలుకు నకలు తీసిన కొలది ధ్వని మసకబారుచు పోవును. అంకెల రూపమున నకలు తీయుటలో ఈ నష్టము లేదు. చేతిలోని ఫోనులో పాట క్షణములో అమెరికాలోని బంధువునకు పోవుచున్నది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని ఒకడే వినుట కూడ నేడు సామాన్యమైనది. బాకా ఎదుట కూర్చున్న వీధివానికి అది వింతగా తోచియుండును.

ఈ చరిత్రలో బాధ కలిగించు సంగతి ఒకటి కలదు. అందరు మెచ్చిన రికార్డే ఎక్కువసార్లు తిరిగినది. ఎక్కువసార్లు ఎరువు పోయినది. అదియే ముందుగా అరిగినది, పగిలినది. ఎవరికిని పట్టని రికార్డు అట్టసంచిలో క్రొత్తదివలె మిగిలినది. కనుక నాటి జనుల అభిరుచిని మిగిలిన పలకలను బట్టి నిర్ణయింపబోయినచో తలక్రిందులైన చిత్రము కనబడును. మదరాసులో వి.ఎ.కె. రంగారావు వంటివారు వేలాది రికార్డులను సేకరించి, వినిపించి, పత్రికలలో వాటిని గూర్చి వ్రాయుట వలన చాల కంఠములు దక్కినవి. దక్కవలసినవి ఇంకను అటకల మీద నున్నవి.

అట్టి పలక ఏ ఇంటనైన దొరికినచో ముందుగా దానిని నిలువుగా ఉంచవలెను. ఒకదానిపై ఒకటి పేర్చినచో వంగి పగులును. స్పిరిటుతో తుడువరాదు, లక్క అందులో కరగును. మంచినీటితో త్వరగా కడిగి మెత్తని గుడ్డతో తడి అద్దవలెను. పాత ఉక్కు సూదితో వేసి చూడవలెనను తొందర కూడదు. ఎల్‌.పి. సూదియు పనికిరాదు; లక్క రికార్డు గాడి దానికంటె చాల వెడల్పు. 78 చుట్ల రికార్డు కొరకే చేసిన వెడల్పు మొన గల తేలిక సూదితో ఒక్కసారి నడిపి, ఆ ధ్వనిని అంకెలలోనికి ఎక్కించుకొనవలెను. నడుమ కాగితముపై అచ్చైన పేర్లు చెరిగిపోయినను దిగులు లేదు. కాగితపు అంచున, గాడి ముగిసిన నున్నని చోట, చిన్న అంకెలు కొన్ని చెక్కియుండును. అవి ఆ పాట ఏ మైనపు పలక నుండి అచ్చైనదో తెలుపు గుర్తు. వెలుతురును ఏటవాలుగా పడనిచ్చి చూచినచో అవి చదువ వీలగును.