విచారణకి ముందే ఓడెక్కించారు

క్రిమినల్ కేసు నడుస్తున్న ఆటగాణ్ణి ఆడనివ్వాలా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు విజయనగరం గుర్తొస్తుంది. అక్కడి విజ్జీ స్టేడియం ఎవరి పేరు మీద ఉందో, ఆ మహారాజకుమారే 1936 ఇంగ్లండ్ టూర్‌లో భారత కెప్టెన్. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. సరే, అది వేరే కథ.

ఆ టూర్‌లో, లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్. లాలా అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, తన వంతు వెనక్కి జరుగుతూనే పోయింది. భారత్‌కి తొలి టెస్ట్ సెంచరీ కొట్టినవాడు మరి, డ్రెస్సింగ్ రూంలో పంజాబీలో తిట్టి, కిట్ విసిరేశాడు. కేసూ లేదు, కోర్టూ లేదు. మొదటి టెస్ట్ కూడా ఆడనివ్వకుండా ఇంటికి పంపేశారు. గొడవ కెప్టెన్, మేనేజర్లతోనే. శిక్ష వేసిందీ వాళ్లే.

1937 జనవరిలో బ్యూమాంట్ కమిటీ విజ్జీ కెప్టెన్సీనే తప్పుపట్టింది. ఏం లాభం? అమర్‌నాథ్ మళ్లీ టెస్ట్ ఆడింది 1946లో. మధ్యలో యుద్ధం కూడా ఉందనుకోండి, కానీ ఆ మూడు టెస్టులు పోయింది మాత్రం యుద్ధం వల్ల కాదు.

మన హైదరాబాదీ అజారుద్దీన్‌పై 2000లో వేసిన జీవితకాల నిషేధం చట్టప్రకారం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో చెప్పింది. అప్పటికి ఆయనకి 49 ఏళ్లు.

హత్య, లైంగిక దాడి లాంటి ఆరోపణైతే ఆపాల్సిందే, ముందు తోటివాళ్ల భద్రత. కానీ ఆపేవాళ్లు ఆ గొడవలో ఉన్నవాళ్లు కాకూడదు. ఎన్నాళ్లు ఆపుతారో కూడా ముందే చెప్పాలి. మన కోర్టు వాయిదాల సంగతి తెలిసిందేగా.

అన్నట్టు, విజ్జీ తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యాడు.