జావ ముందా, పలక ముందా?

పిల్లకి చదువు అబ్బకపోతే "దాని బుర్రే అంత" అనేస్తాం. బుర్రకంటే ముందు పొట్టని అడగాలి!

మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో 1969లో ఓ పోషకాహార సంస్థ నాలుగు పల్లెల్లో ఒక పని మొదలుపెట్టింది. రెండు పల్లెల్లో పాలపొడి కలిపిన చిక్కటి జావ, మిగతా రెండింట్లో మాంసకృత్తుల్లేని తియ్యటి పానకం రోజూ ఉచితంగా పోశారు. 1977లో ఆపేశారు.

2002లో ఆ పిల్లల్ని మళ్లీ వెదికి పట్టుకున్నారు. అప్పటికి అందరూ పెద్దవాళ్లే. పానకం ఊళ్లవాళ్లతో పోలిస్తే, మూడేళ్లలోపు జావ తాగిన ఆడపిల్లలు ఒక తరగతికి పైగా ఎక్కువ చదివారు. పుట్టినప్పటి నుంచి రెండేళ్లదాకా జావ అందిన మగవాళ్ల గంటకూలి 46 శాతం ఎక్కువ! మూడేళ్లు దాటాక తాగినవాళ్లకి కూలిలో ఆ లాభం కనిపించలేదు.

మనవాళ్లు అన్నప్రాశన తర్వాతే అక్షరాభ్యాసం పెట్టారు. ఆ వరస ఊరికే పెట్టలేదేమో!