మన కులపటము – దానిని వ్రాసిన నకాషివారు

శాసనములు లేని కులమునకు చరిత్రము లేదని కొందరు తలంతురు. మన పద్మశాలి కులమునకు శిలాశాసనములకు దీటైన వస్త్రశాసన మొకటి గలదు. కూనపులివారు ఊరూర విప్పి చూపుచు గానము చేయు మార్కండేయపురాణ పటమే యది. నేసిన గుడ్డయే చరిత్రకు ఆధారమగుట నేతకులమునకు దగినదే. ఆ పటమును పాడువారిని మన పెద్దలెల్ల రెరుగుదురు. దానిని వ్రాసిన చేతుల నెరిగినవా రరుదు. కావున ఆ చిత్రకారులను గూర్చి ఈ వార్షికోత్సవ సంచికయందు కొంత విన్నవింప బూనితిమి.

పటము చూపి కథ చెప్పుట ఈ దేశమున మిక్కిలి ప్రాచీనమైన వృత్తి. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుని చారుడు యమపటము చేబూని ఇల్లిల్లు దిరుగును. బాణభట్టు హర్షచరితమున యమపట్టికు డొకడు బజారువీథిని బాలురు మూగియుండగా పరలోకవృత్తాంతమును బొమ్మలలో చూపుచుండును. మన తిరుమలగిరి చేరువనున్న ఫణిగిరి బౌద్ధక్షేత్రమున దొరకిన తోరణశిలపై బుద్ధుని కథలు అరలు దీర్చి చెక్కబడినవి. ఆ క్షేత్రపు శిల్పములు కొన్ని 2023లో న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రదర్శింపబడినవి. కథను అరలుగా విభజించి కన్నులకు గట్టించు నేర్పు ఈ సీమకు క్రొత్త గాదనుట కీ శిలయే సాక్షి.

సూర్యాపేట నుండి తిరుమలగిరి మీదుగా జనగామకు బోయి, ఆవల కొంతదూర మేగిన చేర్యాల వచ్చును. అది పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016లో జిల్లాలు విభజింపబడినప్పుడు సిద్దిపేట జిల్లాలో జేరినది. అచ్చటి నకాషివారే తరతరములుగా పటములు వ్రాయువారు. నేతగుడ్డకు బియ్యపుగంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, బంకనీరు కలిపి పలుమారులు పూసి, యెండించి, నున్నగా రుద్దుదురు. ఉడుతవెండ్రుకల కుంచెతో రేఖలు దీర్తురు. నేలరంగు ఎరుపు. మూరెడు రెండుమూరల వెడల్పున నుండు పటము నిలువుగా పలుమూరలు సాగును. అర కొకయర నడుమ పూలపట్టె యుండును. మొదట విఘ్నేశ్వరుడు, పిమ్మట దేవతలు, అటుపైని కథ.

ఈ పటములు మన కులమునకు మాత్రమే పరిమితములు గావు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పుదురు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణము వినిపింతురు. గౌడులకు గౌడపురాణము గలదు. ఒక్క చిత్రకారుని కుంచె పలుకులముల పుట్టుకలను వ్రాసినది. ఇట్టివాడు ఏ కులమువారికి పరాయి? మన పటమున మార్కండేయుని హోమాగ్ని నుండి ఉద్భవించిన భావనారాయణుడు తామరతూడుల దారముతో దేవతలకు వస్త్రములు నేయుట, సూర్యపుత్రి భద్రావతిని పరిణయమాడుట, పులినెక్కి వెడలుట, కాలవాసురుని గూల్చుట వరుసగా నగపడును.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది. పల్లెయందు చిత్రకళ యొక్కటియే కడుపు నింపజాలదు. పటము చిరకాలము మన్నును. ఒక బృందమువారు పటము వ్రాయించుకొన్న పిదప మరల నేండ్లకొలది వ్రాయించుకొనరు. నడుమ దినములు గడచుట కెట్లు? సుమారు ముప్పదియేండ్ల క్రిందట కూనపులి పెద్ద యొకరు క్రొత్తపటము మాటలాడ బోవుచు మమ్ము వెంటబెట్టుకొని పోయెను. మేము చూడబోయిన చిత్రకారుడు ఇంట లేడు. చెలకలో నాగలి పట్టియుండెను. ప్రొద్దుగూకువేళకు వచ్చి, కాళ్ల మట్టి కడుగుకొని, దీపము ముందు గూర్చుండి మాటలాడెను. గంజిపూత యెండవలెనన్న ఎండ గావలెను. కావున వానకాలము చెలకది, వేసవి పటమునది. చింతగింజలు నానబెట్టి దంచుట, సుద్ద నూరుట ఆ యింటి స్త్రీల పని. ఆముదపుదీపపు మసియే నల్లరంగు. సేద్యమును చిత్రమును ఒక్క గడపలో ఇట్లు ఒద్దికగా నుండుట మే మంతకుముందు చూచియుండలేదు. పంట వానను నమ్ముకొన్నదనియు, పటము కులమును నమ్ముకొన్నదనియు నాయన యనెను. ఆ మాటను మేము నాడు పొగడ్తగా గ్రహించితిమి. అది హెచ్చరిక యని తరువాత దెలిసినది.

ఆ యేటి సంక్రాంతి గడచిన పిదప కూనపులివారు చందాకై మా యూరికి వచ్చిరి. మగ్గములు మూలబడుచున్న కాలమది; పలువురు సూరతు, భివండి చేరియుండిరి. వచ్చే యేడు చూతమని పెద్దలు చెప్పి పంపిరి. ఆ పెద్దలలో మేమును గూర్చుంటిమి. చదువుకొన్నవారమై యుండియు నోరు విప్పమైతిమి. ఆ పటము వ్రాయబడలేదు. పూత పూసి యెండించిన గుడ్డను చిత్రకారుడు చుట్టి అటకపై బెట్టెనని పిమ్మట వింటిమి. కాలుసేతుల కష్టము చెలక మ్రింగినది, చేతినేర్పు అటకెక్కినది. వాన తప్పిన యేడు రైతు దైవమును దూరును. కులము తప్పిన యేడు చిత్రకారు డెవరిని దూరవలెను?

నకాషివారు కళను విడువలేదు. చేర్యాలలో నిలిచిన కొలదికుటుంబములు పొడుగుపటములకు మారుగా గోడకు దగిలించు చిన్నపటములు, కొబ్బరిచిప్పలపై ముఖములు, పునికికొయ్య బొమ్మలు చేసి నగరములకు పంపుచున్నవి. చేర్యాల చిత్రములకు భౌగోళిక గుర్తింపును లభించినది. సిద్దిపేట చిత్రకారులు కాపు రాజయ్యగారు (1925–2012) ఈ శైలిని తమ చిత్రములలో గౌరవించిరి. హైదరాబాదున జగదీశ్, కమలా మిత్తల్ దంపతుల సంగ్రహాలయమున ప్రాచీనపటములు భద్రముగా నున్నవి. జీర్ణించిన పటమును నదిలో గలుపుట ఆచారమగుటచే పాతవి దొరకుట యరుదు. కావుననే క్రొత్తవి పుట్టుచుండవలెను. నగరపు గోడపై మార్కండేయుడు వెలయుట సంతోషమే. అయినను పాటలేని పటము సగము పటము. అది విప్పవలసిన చోటు మన వాకిలి.

మహాజనులారా! ప్రతియేట ఈ మహాసభకు పందిళ్లు వేయుదుము, దండలు దెత్తుము, జ్ఞాపికలు పంచుదుము. ఆ వ్యయమునుండి కొంత తీసి ఒక నిండుపటము వ్రాయించి, కూనపులివారిచే సభాముఖమున పాడించుట మన సంఘమునకు అసాధ్యము గాదు. మొదటి చందా మేమే చెల్లింతుము. అది దానము గాదు, మా పాతబాకీ. నాగలి పట్టిన చేయి కుంచెయు బట్టునంతకాలమే మన చరిత్రమునకు రంగు నిలుచును.